పెద్దవల రేవులో పిల్లి వాటా

వేసవి వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్న జూన్ నెలలో, పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుందనగా, నన్ను విజయనగరం చెరువుల విభాగం నుంచి శ్రీకాకుళం సముద్రతీరానికి బదిలీ చేశారు. హోదా పాతదే, మత్స్య అభివృద్ధి అధికారి. అప్పటిదాకా చీపురుపల్లి చుట్టుపక్కల చెరువుల్లో చేపపిల్లల్ని వదిలించడం, అవి బతికాయో లేదో చూసుకోవడం నా పని. చెరువు చేప ఎక్కడికీ పోదు కనుక లెక్క సులువు. సముద్రం దగ్గర ఆ సుఖం లేదు.

మాది విజయనగరంలో తరాలుగా వీణ నేర్పే ఇల్లు. గడప లోపలికి నీచు వాసన రాకూడదు. జువాలజీ చదివిన పాపానికి నాకీ ఉద్యోగం వచ్చింది, వచ్చినదాన్ని కాదనుకునే స్తోమత అప్పట్లో మాకు లేదు. చేరిన కొత్తలో నేను పని నుంచి వస్తే మా అమ్మ పెరటి గుమ్మంలోంచే రానిచ్చేది. స్నానం అయ్యాకే కాఫీ. ఈ ముచ్చట ఎవరు మోశారో గాని, నేను తీరానికి వెళ్ళిన కొద్దిరోజులకే రేవంతా తెలిసిపోయింది. ఆడవాళ్ళు నాకు పంతులమ్మ అని పేరు పెట్టారు. "తిననోరికి తూకమెందుకమ్మా?" అని నా ఎదురుగానే నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది.

తీరంలో మా పనులు చాలానే ఉంటాయి. ప్రతి పడవనూ రిజిస్టరు చేయించి, ఆ నంబరు దూరానికి కనిపించేలా పడవ రెండు పక్కలా రాయించాలి. ఈ ఒక్క విషయంలో నేను మరీ గట్టిదాన్ని. రంగు కాస్త వెలిసినా మళ్ళీ వేయించేదాకా వదిలేదాన్ని కాదు. నిషేధ కాలపు భృతి అందాల్సినవారికి అందేలా చూడాలి. అన్నిటికన్నా ఓపిక కావలసింది దిగుబడి అంచనా. రేవుకొచ్చిన ప్రతి చేపనూ తూచడం ఎవరి తరమూ కాదు. అందుకని కొన్ని రోజులు, కొన్ని పడవలు ఎంచుకుని, వాటి చేపను గంపల లెక్కన తూచి, దాన్నిబట్టి రేవు మొత్తానికి లెక్క కడతాం. తూకం పంపకానికి ముందే జరిగిపోవాలి. వాటాలు పడ్డాక ఏ చేప ఎవరి గంపలోకి పోయిందో బ్రహ్మకు కూడా తెలియదు.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊళ్ళో అప్పటికింకా పెద్దవల ఉండేది. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. పెద్దవల అంటే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వదిలి, రెండు కొసల్నీ ఒడ్డు నుంచి జనం లాగే వల. సగం ఊరు తాడు పడితే గాని అది ఒడ్డెక్కదు. పడవకో వాటా, వలకో వాటా, తాడు పట్టినవారికి తలా ఒకటి. ఆ వలకు పెద్ద లచ్చయ్య. మనిషి పొట్టి, గొంతు మాత్రం సముద్రపు హోరు మీంచి వినపడేది.

మొదటిసారి నేను అక్కడికి తూకానికి వెళ్ళిననాడు నెత్తళ్ళనే చిన్నచేపలు బాగా పడ్డాయి. తూకం అయింది, వాటాలు ఇసుక మీద కుప్పలుగా పోశారు. అన్నిటికీ అవతల ఒక కుప్ప విడిగా ఉంది. అదెవరిదని అడగబోతుంటే లచ్చయ్య కేక వేశాడు. "పిల్లొచ్చినాదిరోయ్! అందరూ ఇటు తిరగండి!"

తాడు పట్టిన మగవాళ్ళూ గంపలు పట్టిన ఆడవాళ్ళూ ఒక్కుమ్మడిగా సముద్రం వైపు తిరిగి వల కడగడంలో పడ్డారు. నేను మాత్రం పిల్లి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. పిల్లి లేదు. ఒక ముసలామె ఖాళీ గంప చంకన పెట్టుకుని ఆ కుప్ప దగ్గరికి వస్తూ, నన్ను చూసి ఆగిపోయింది. లచ్చయ్య తల తిప్పకుండానే అన్నాడు. "అమ్మా, తమరు గూడా ఇటు తిరగాల. పిల్లి బెదిరిపోతాది."

తిరిగాను. వల కడగడం అయ్యాక చూస్తే కుప్ప లేదు.

ఆ ముసలామె నూకమ్మ. భర్తా కొడుకూ ఒకే తుఫానులో సముద్రంలో పోయారు. తాడు లాగే బలం లేక, చెయ్యి చాచడానికి మనసొప్పక ఉన్నవాళ్ళు ఆమెలాగే ఆ ఊళ్ళో మరికొందరు ఉండేవారు. ఇచ్చామని ఎవరూ అనకూడదు, పుచ్చుకున్నామని ఎవరూ తల దించుకోకూడదు. అందుకని పిల్లి తిన్నట్టు. మర్నాడు "నిన్న పిల్లి గట్టిగానే లాగించినాదిరా" అని నవ్వుకోవచ్చు గాని, ఆ పిల్లి ఎవరని అడగకూడదు. ఆ రేవులో ఆడవాళ్ళు కొట్లాటకు దిగితే ఏడు తరాలవాళ్ళనీ లేపుతారు. ఎంత కోపంలోనైనా ఈ మాట ఎత్తడం నేనెప్పుడూ వినలేదు.

నాకొక చిన్న బ్లాగు ఉంది. రేవుల్లో వినే మాటలు, చేపల పేర్లు, గాలుల పేర్లు అందులో రాసుకునేదాన్ని. చదివేది మా పిన్ని కూతురు, రిటైరైన ఒక సహోద్యోగి, దారితప్పి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. పిల్లి వాటా గురించి కూడా ఒక చిన్న వ్యాసం రాశాను. ఊరి పేరు గాని నూకమ్మ పేరు గాని రాయలేదు. అందంగా ఉంటుందని ఒడ్డున నిలిపిన లచ్చయ్య పడవ ఫోటో ఒకటి పెట్టాను.

ఏడాది గడిచాక ఒకరోజు బ్లాగు తెరిస్తే తిరునాళ్ళలా ఉంది. వచ్చినవాళ్ళే వ్యాఖ్యల్లో సంగతి చెప్పారు. ఇంటర్నెట్‌లో వారం వారం వచ్చే తెలుగు వెబ్ కామిక్ ఒకటి ఉందట, హైదరాబాదు ఆఫీసులో పనిచేసే కుర్రాళ్ళ కథ. అందులో ఒకడు భోజనం డబ్బా తెరిస్తే కూర సగమే ఉంటుంది. మిగతాది ఏదిరా అంటే పక్కవాడు మూతి తుడుచుకుంటూ "పిల్లి వాటా" అంటాడు. అంతే, వివరణ లేదు. ఇదేం మాటని చదివినవాళ్ళంతా వెతికితే, అది కనిపించిన చోటు నా బ్లాగొక్కటే. బొమ్మలు వేసే అబ్బాయి కూడా రాశాడు. ఇంట్లో ఏది కనబడకపోయినా వాళ్ళ అమ్మమ్మ అలా అనేదట. ఎందుకనేదో అతనికీ నా వ్యాసం చూశాకే తెలిసిందట.

ఏనుగెక్కినంత సంబరపడ్డాను, దాచడమెందుకు. కోతలయ్యాక పొలంలో పరిగె ఏరుకునేవాళ్ళ కోసం మా తాత కావాలనే వెన్నులు వదిలేవాడని ఒకరు రాశారు. మా అమ్మ కూర ఒక గరిటె ఎక్కువ వండి, మిగిలిపోయిందంటూ పక్కింట్లో ఇచ్చేదని ఇంకొకరు. ఇన్నేళ్ళు నేను పైకి పంపిన నివేదికలు ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. దీన్ని మాత్రం చదివారు. ప్రతి ఒక్కరికీ కూర్చుని జవాబులు రాశాను. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది.

మా సహాయ సంచాలకులు, అంటే జిల్లాలో నా పై అధికారి, ఫోన్ చేసి ఈ పిల్లి తినే చేప మన లెక్కల్లోకి రావడం లేదా అని అడిగారు. తూకం పంపకానికి ముందే గనక పిల్లిదీ లెక్కలోనే ఉందన్నాను. బతికించారమ్మా అని పెట్టేశారు.

అసలు చిక్కు ఫోటోలోని నంబరు దగ్గర వచ్చింది. పడవ నంబరు చదవడం వచ్చినవాడికి అది ఏ తీరానిదో తెలుస్తుంది. తెలియాలనే కదా రాయించేది. ఎవరో ఉత్సాహవంతుడు దాన్ని పట్టుకుని, ఆరా తీసి, రేవు పేరు వ్యాఖ్యల్లో పెట్టేశాడు. రాజాం నుంచి కాలేజీ పిల్లలు బైకుల మీద దిగారు. తరవాత వీడియోలు తీసేవాళ్ళు వచ్చారు. లచ్చయ్య కేక వేస్తే ఊరంతా సముద్రం వైపు తిరిగింది, ఫోన్లు మాత్రం తిరగలేదు. కుప్ప ఇసుకలోనే ఉండిపోయింది, కాకులు తిన్నాయి.

కొన్నాళ్ళు చూసి చూసి, ఇంట్లో గంజిలోకి ఎండుచేప ముక్క కూడా లేని రోజున నూకమ్మ వచ్చింది. కెమెరా పట్టుకున్న ఒక కుర్రాడు నవ్వుతూ ఎదురెళ్ళి, "మామ్మా, ఆ పిల్లివి నువ్వేనా?" అని అడిగాడు. అతనికి చెడ్డబుద్ధి ఉందనుకోను. ఆమె గంప అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

లచ్చయ్య మా ఆఫీసుకొచ్చి ఈ సంగతి చెప్పాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నంబరెయ్యమన్నదీ తమరే, పొటో తీసిందీ తమరే. ఇప్పుడు మేవేటి సెయ్యాలో అది గూడా తమరే సెప్పండి" అన్నాడు.

ఫోటో తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అప్పటికే అది నలుగురి చేతుల్లో పడింది. వల లాగేచోటికి బయటివారు రాకూడదని శాఖ తరఫున బోర్డు పెట్టించాను. వచ్చినవాళ్ళు ఆ బోర్డు పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. ఇక నూకమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో పీట వేసింది. ఊళ్ళోవాళ్ళకి ఎప్పుడో తెలిసిన సంగతే కదా, వేరేవాళ్ళ మాట ఎందుకు పట్టించుకుంటావని అన్నాను.

"తెలిసీ తెల్దన్నట్టున్నారమ్మా ఊరోళ్ళు. దాని మీదే ఇన్నాళ్ళూ బతికినాను" అంది నూకమ్మ. "నానెవురికాడా సెయ్యి సాపనేదు. ఇప్పుడు దేశమంతా నాను పిల్లినని సూస్తన్నాది. ఇంకా ఏ మొకం పెట్టుకుని రేవుకొస్తాను?"

ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ దీనికి విరుగుడు లేదు.

విరుగుడు లచ్చయ్యే కనిపెట్టాడు. ఆ తరవాతి ఆదివారం నేను తూకం కాటాతో అక్కడే ఉన్నాను. చూడవచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాటాలు పోశారు, విడిగా కుప్ప పోశారు, లచ్చయ్య కేక వేశాడు, ఊరంతా తిరిగింది. అప్పుడు పడవ చాటు నుంచి ఎవరో ఎర్రటి గండుపిల్లిని వదిలారు. అది తోక నిక్కబెట్టుకుని నేరుగా కుప్ప దగ్గరకెళ్ళి, కూర్చుని, తీరిగ్గా తినడం మొదలెట్టింది.

ఒడ్డంతా నవ్వులే. ఇదేమిటని చూడవచ్చినవాళ్ళు అడిగితే లచ్చయ్య అమాయకంగా మొహం పెట్టాడు. "పిల్లి వాటా అంటే పిల్లికేసే వాటా బాబూ. మరేటి? ఎలకలు వల కొరికేస్తాయి గదా, పిల్లిని మేపుకోవాల గదా!" మరి బ్లాగులో ఆవిడ అలా రాశారేమని ఒకడు అడిగాడు. "ఆ పంతులమ్మా? ఆవిడ సేప తినదు బాబూ, ఆవిడికేటి తెలుస్తాది!"

రేవులో ఆడవాళ్ళు పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పంతులమ్మ నేనేనని వచ్చినవాళ్ళెవరికీ తెలియదు. నేను తలొంచుకుని గంపలు లెక్కపెట్టుకున్నాను.

ఆ పిల్లి వీడియో నా వ్యాసం కన్నా ఎక్కువ దూరం పోయింది. నా బ్లాగుకు మళ్ళీ జనం వచ్చారు, ఈసారి తిట్టడానికి. కథలు బాగా అల్లారన్నారు. ప్రభుత్వోద్యోగి అయ్యుండి ఇలా అబద్ధాలా అన్నారు. అంచనాలన్నీ ఇలాగే వేస్తారా అని ఒకరు అడిగిన ప్రశ్న గుండెల్లో గుచ్చుకుంది, ఎందుకంటే తప్పుడు తూకం నేనెప్పుడూ రాయలేదు. సుదీర్ఘంగా ఒక సమాధానం టైపు చేశాను. పంపే ముందు నూకమ్మ గుమ్మం గుర్తొచ్చి చెరిపేశాను. మా సహాయ సంచాలకులు మళ్ళీ ఫోన్ చేసి, అదంతా ఉత్తిదేనటగా అన్నారు. "అలాగే అంటున్నారండి" అన్నాను.

ఎలకల కోసం మేపే పిల్లిని చూడటానికి అంతదూరం ఎవరు వస్తారు? రావడం తగ్గి, వర్షాలు పట్టేసరికి ఆగిపోయింది. ఈలోగా రేవులో అసలు వాటా చోటు మారింది, వేళ మారింది, పేరు కూడా మారింది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు తూకం ముగించుకుని జీపు వైపు నడుస్తుంటే నూకమ్మ ఎదురైంది. నెత్తి మీద గంప, గంప మీద తడిగుడ్డ.

"ఏటమ్మా, తమరి మాట అబద్దమైపోనాదంట గదా!" అంది.

అయిపోయిందే అన్నాను.

"బాగానే అయినాది" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తినేవోరైతే ఇన్ని నెత్తళ్ళెట్టేదాన్ని. తమరికి ఆ అదురుట్టం నేదు."

ఇప్పుడు నూకమ్మ లేదు. తాడు పట్టే జనం చాలక ఆ ఊళ్ళో పెద్దవలా ఆగిపోయింది. ఫైబరు బోట్ల దగ్గర ఆ వాటా మాత్రం ఇంకా నడుస్తోంది, కొత్త పేరుతో. ఆ పేరు నాకు తెలుసు. ఈ జ్ఞాపకం రాయనా అని లచ్చయ్యను అడిగితే, "రాసుకోండమ్మా. తమరు రాస్తే ఇంకెవురు నమ్ముతారు?" అన్నాడు.

చూసినది చూసినట్టు రాయడం ఉద్యోగం నేర్పింది. రాసినది నిజమని ప్రతిసారీ రుజువు చేసుకోనక్కర్లేదని ఆ రేవు నేర్పింది. నా బ్లాగులో ఆ వ్యాసం ఇప్పటికీ ఉంది. దాని కింద ఆఖరి వ్యాఖ్య "అంతా కట్టుకథ" అని. దాన్ని నేను తీసెయ్యలేదు, జవాబూ రాయలేదు.