బావ పెట్టె ముందు నా సెనేటు

చనిపోయిన మనిషి పెట్టె మీద అరచేత్తో ఠపీమని చరిచి, "ఏమంటావు బావా!" అని జవాబు కోసం ఆగిన మహానుభావుణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే టీ గ్లాసులు కింద పెట్టి ఇటు తిరగండి. పోయిన ఆదివారం, పాస్టరుగారి ఎదురుగా, బచేలి తెలుగువాళ్ళంతా చూస్తుండగా ఆ ఘనకార్యం చేసింది నేనే!

నవ్వండి, పర్లేదు. పెట్టెలో ఉన్నవాడైతే అందరికంటే ముందు నవ్వేవాడు.

వాడు దావీదు. గూడ్సు గార్డు. నేను డ్రైవర్ని. ఈ బైలాడిల్లా కొండ మీది ఇనుపరాయిని విశాఖపట్నం పోర్టుకి దించే బండి మాది. ముందు ఇంజన్లో నేను, చిట్టచివర బ్రేకు వ్యాన్లో వాడు, మధ్యలో కనుచూపు మేర ఎర్రరాయి. నా సంగతి తెలుసుగా! అనంతగిరి ఘాట్‌లో బ్రేకులు పట్టనప్పుడు రెండు కాళ్ళూ ఇంజను గోడకి తన్నిపట్టి అంత బండినీ ఆపిన మనిషిని. బూటు అడుగులు అరిగి మేజోళ్ళు బయటికొచ్చాయి. "ఆ రోజు ఆపింది నా హ్యాండ్ బ్రేకు రా" అనేవాడు దావీదు. ఒట్టి అసూయ!

వాడిది చర్చి, నాది సింహాచలం అప్పన్న. అయినా మొదట్నించీ బావా అంటే బావా. వాళ్ళావిడ మరియమ్మ నన్ను అన్నయ్యా అంటుంది, కూతురు రూతు మావయ్యా అంటుంది. రిటైరయ్యాక వాడు సొంతూరు పార్వతీపురం పోలేదు, నేను మా బొబ్బిలి పోలేదు. పోతే నా గొప్పలు ఎవరు వింటారు? వాటికి బ్రేకు ఎవరు వేస్తారు?

ప్రతి ఆదివారం వాడి ప్రార్థన అవగానే ఇదే టీ కొట్లో, ఇదే బల్ల దగ్గర నా అమెరికా రాజకీయ విశ్లేషణ. ఎందుకు అమెరికా అంటారా? బాబూ, ఇక్కడి రాజకీయం మాట్లాడితే పక్క బెంచీ మీద బీడీ కాలుస్తున్నది ఎవరో తెలీదు. యూనియన్ రాజకీయం మాట్లాడితే సాయంత్రానికి ఇంటికే వస్తారు. అమెరికా అయితే హాయి. వాళ్ళ ప్రెసిడెంటుని ఎంత తిట్టినా బచేలిలో ఎవడూ చొక్కా పట్టుకోడు.

అక్కడ రెండే పెద్ద పార్టీలు. ఒకదాని గుర్తు ఏనుగు, ఒకదానిది గాడిద. నేను పెట్టినవి కావు, వాళ్ళే పెట్టుకున్నారు. ఈ వారం నేను ఏనుగంటే దావీదు గాడిద. వచ్చే వారం నేను గాడిదంటే వాడు ఠక్కున ఏనుగెక్కి కూర్చునేవాడు.

"నీకంటూ ఒక పార్టీ లేదేట్రా?"

"ఎందుకు లేదు బావా? నీకు ఎదురు పార్టీ!"

నేను ఊపు మీదుంటే ఎలా ఉంటానో మీకు కొత్తగా చెప్పాలా! అక్కడి సెనేటర్లకి నేనే సలహాలిచ్చేవాడిలా గొంతు పెంచుతాను. బల్ల మీద ఠపీమని చరుస్తాను. "ఏమంటావు బావా!" అంటాను. దావీదు టీ ఊదుకుంటూ, తల ఎత్తకుండా, సాగదీసి అనేవాడు: "బ్రేకు కొట్టు బావా, బ్రేకు కొట్టు..." కొట్టంతా గొల్లుమనేది. నేను స్పీడు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. ఇదీ మా పద్ధతి.

వాడు విన్న ఆఖరి ఆదివారం రెండు సంగతులు చెప్పాను. ఒకటి, అక్కడ ఖర్చుల బిల్లు దగ్గర రెండు పార్టీలకీ పేచీ వస్తే సర్కారు ఆఫీసులే మూతపడతాయి, ఉద్యోగులకి జీతాలు ఆగిపోతాయి. రెండోది, సెనేటు అనే వాళ్ళ పెద్దల సభలో ఓటింగు జరగనివ్వకుండా ఒక్క మనిషి ఆపగలడు. ఎలాగ? మాట్లాడుతూ ఉండాలి, అంతే! నిలబడే మాట్లాడాలి. కూర్చోకూడదు, బయటికి పోకూడదు, ఒంటేలుకి కూడా! నోరు ఆగిందా, ఓటింగు మొదలు. ఎవరైనా ప్రశ్న వేస్తే మాత్రం వినొచ్చు, అప్పుడు వంతు పోదు.

"అదేం పని బావా! నన్ను నిలబెడితే తెల్లారేదాకా దంచనూ?" అన్నాను.

"నీ గురించైతే వారం రోజులు దంచుతావు. ఇంకొకడి గురించి పావుగంట మాట్లాడు చూద్దాం. టీ నేను తాగిస్తాను" అన్నాడు.

"పందెం!" అన్నాను.

"పందెం" అన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వాడు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద ఒరిగాడు. అంతే. బండి దిగే ముందు గార్డు డ్రైవరుకి చెప్పి దిగాలి. చెప్పకుండా దిగిపోయాడు.

రూతు విశాఖపట్నంలో నర్సు. శనివారం బండెక్కింది. ఆదివారం పొద్దున్నకి రావాలి. వానకి పట్టాల మీదికి మట్టి జారి బండి జగదల్‌పూర్‌లోనే నిలబడిపోయింది. అక్కణ్ణించి బస్సు పట్టుకున్నానని ఫోను చేసింది. ఇక్కడేమో ప్రార్థన అయిపోయింది, వాకిట్లో టెంటు కింద పెట్టె సిద్ధంగా ఉంది, జల్లు పడకుండా మూత సగం వేసి ఉంచారు. చర్చి పెద్ద గురవయ్యగారు శ్మశానం నించి గొడుగేసుకుని వచ్చారు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"పాస్టరుగారూ, గొయ్యిలోకి నీళ్ళు దిగుతున్నాయి. ఇంకాసేపైతే గోడలు కూలిపోతాయి. మేకులు కొట్టించేద్దాం. ఏమంటారండీ అందరూ?"

మేకులు కొట్టిన మూత మళ్ళీ తియ్యరు. అది వాళ్ళ ఆచారం. గురవయ్యగారు చెడ్డవారేం కాదు, పొద్దుట్నించీ గొయ్యి దగ్గర బకెట్లతో నీళ్ళు తోడించింది ఆయనే. జనం తలలు ఊపడం మొదలెట్టారు. మరియమ్మ నా వైపు చూసింది.

"అన్నయ్యా, రూతు వాళ్ళ నాన్న మొహం చూడదా?"

గీదం దాటిందట బస్సు. ఇంకా ఎంత సేపో!

అప్పుడు పాస్టరుగారు మెల్లగా అడిగారు: "మూత వేసే ముందు దావీదుగారి గురించి ఎవరైనా సాక్ష్యం చెప్తారా?"

సాక్ష్యం చెప్పేవాణ్ణి ఆ చర్చిలో మధ్యలో ఆపరు. ఎంతసేపు చెప్పినా సరే! నాకు బుర్రలో దీపం వెలిగింది. ఇది సెనేటు కాకపోతే మరేంటి? లేచి, పంచె బిగించి, పెట్టె పక్కన నిలబడ్డాను.

"సోదరులారా! దావీదు గురించి చెప్పాలంటే ఒక రోజు చాలదు" అన్నాను.

సింహంలా మొదలెట్టాను. ఘాట్‌లో బ్రేకులు పట్టని రోజు చెప్పాను. చెప్తుంటే అందులో ఇంజన్లో నేనే ఉన్నాను. ఎలుగుబంటి పట్టాల మీద పడుకున్న రోజు చెప్పాను. అందులోనూ కేకేసి లేపింది నేనే. ఇంకోటి వెతికాను. నాకు చలిజ్వరం వచ్చినప్పుడు వాడు వ్యాన్లోంచి దిగి, ఆ చీకటి సొరంగం పొడుగునా కంకర మీద నడిచొచ్చి ఇంజన్లో గంజి ఇచ్చిన సంగతి గుర్తొచ్చింది. అది మొదలెట్టానా, గంజి అన్న మాట దగ్గరే బండి ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలే వస్తోంది. నేను! ఈ నోరు!

గురవయ్యగారు లేచి, "వందనాలండీ సన్యాసిరావుగారూ" అన్నారు. సుత్తి చేతిలో ఉంది.

"ఇకపోతే ఈ వారం అమెరికాలో..." అన్నాను.

నేనే ఉలిక్కిపడ్డాను. పాస్టరుగారి చేతిలో బైబిలు జారబోయింది. మరియమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. కానీ బండి కదిలింది! ఆదివారం కదా, నోటికి ఆ దారి తెలుసు. ఏనుగులు ఏమన్నాయి, గాడిదలు ఏమన్నాయి, ప్రెసిడెంటు ఏం ఆర్డరిచ్చాడు, కోర్టు ఎందుకు ఆపమంది... విమానాలు దింపేవాళ్ళు కూడా జీతం లేకుండా పని చేస్తున్నారని చెప్పానో లేదో, గురవయ్యగారు సుత్తి కిందికి దించారు.

"జీతం లేకుండానా? మరి వాళ్ళ యూనియన్ ఏం చేస్తోందండీ?"

ప్రశ్న! వంతు పోదు! యూనియన్ గురించి నాకు తెలిసిందీ తెలియందీ అంతా చెప్పాను. వెనకనించి ఇంకెవరో, "బకాయిలు తర్వాత ఇస్తారా?" అన్నారు. అదీ చెప్పాను. పెట్టెని తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు వచ్చి, "చాచా, గాడీ ఔర్ కిత్నా రుకేగీ?" అని, బండి ఇంకెంతసేపు ఆపాలో అడిగాడు. "బేటా, సెనేట్ చల్ రహా హై, బైఠో!" అన్నాను, సెనేటు నడుస్తోంది కూర్చోమని. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

షుగరు మనిషిని, ఒంటేలు ముంచుకొస్తోంది. అమెరికా సెనేటర్లందరి కష్టం ఆ ఒక్క గంటలో నాకు అర్థమైంది. కానీ ఆగితే మేకులు! ఇంకా ఊపు పెంచాను. గొంతు పెంచాను. ఎవరి కోసం నిలబడ్డానో కూడా మరిచిపోయేంత పెంచాను.

"అసలు ఆ సెనేటులో నేనుంటే ఈ పేచీ ఇంతదాకా వచ్చేదా! ఏనుగు తొండం, గాడిద చెవి ఒకే చేత్తో పట్టుకుని, మీ ఇద్దర్నీ బైలాడిల్లా ఎక్కిస్తాను రండర్రా అని..."

ఠపీ!

"ఏమంటావు బావా!"

మూత మీద చరిచాను. ఆగాను. తల వంచి టీ ఊదుకునేవాడి జవాబు కోసం చెవి కూడా అటు పెట్టాను.

టెంటు మీద వాన చప్పుడు. అంతే. నా అరచెయ్యి ఇంకా ఆ కొత్త చెక్క మీదే ఉంది, చుర్రుమంటోంది. జవాబు ఇక రాదని, శుక్రవారం నించీ ఇంతమంది చెప్పినా, నాకు అప్పుడు తెలిసింది.

సెనేటు కూలింది. నోరు ఆగిపోయింది. గురవయ్యగారు నా కళ్ళలోకి చూడలేక మేకుల డబ్బా వైపు చూశారు.

"బ్రేకు కొట్టు మావయ్యా... బ్రేకు కొట్టు..."

గేటు దగ్గరనించి. అదే సాగదీత. తల నించి పాదాల దాకా తడిసి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని, రూతు. రోడ్డు మలుపు నించీ నా గొంతు వినబడుతూనే ఉందట. వాళ్ళ నాన్న బదులు చెప్పలేడని ఆ పిల్లే చెప్పింది. చెప్పి, గేటు పట్టుకుని భోరుమంది.

నేను అక్కడే కూలబడ్డాను. కూర్చోవచ్చు కదా ఇక.

గురవయ్యగారు సుత్తి పక్కన పెట్టి, మూత తనే తీశారు. రూతు వాళ్ళ నాన్న కాలరు సరిచేసింది, చెంప మీద చెయ్యి పెట్టింది, ఏదో చెప్పుకుంది. తొందర పెట్టినవాళ్ళు లేరు. గొయ్యి గోడ ఒక పక్క కూలనే కూలింది, అందరం కలిసి ఆ మట్టి తోడాం. నేనొక్కణ్ణే ముప్పాతిక వంతు తోడాననుకోండి.

అంతా అయ్యాక మరియమ్మ నాకు టీ తెచ్చి ఇచ్చింది. "మీ పందెం సంగతి ఆయన నాకు చెప్పారన్నయ్యా. తాగండి" అంది.

"ఓడిపోయానమ్మా. వాడి గురించి పావుగంట చెప్పలేకపోయాను. చెప్పిందంతా అమెరికా గురించే."

"ఇన్నేళ్ళూ ఆదివారం ఎక్కడికండీ అంటే అమెరికాకే అనేవారు. అమెరికా అంటే మా ఇంట్లో మీరిద్దరేగా అన్నయ్యా" అంది.

ఆ టీలో పంచదార ఎక్కువైందో తక్కువైందో ఇప్పటికీ చెప్పలేను.

ఇదిగో, ఇవాళ మళ్ళీ ఆదివారం. పొద్దుట్నించీ అమెరికా చెప్తున్నాను, మీరు వింటున్నారు. ఏనుగులే గెలుస్తాయన్నాను, అవునన్నారు. కాదు గాడిదలే అన్నాను, దానికీ అవునన్నారు. నిన్న రాత్రి అక్కడి ప్రెసిడెంటు పొరపాటున నాకు ఫోను చేశాడని కూడా అన్నాను, ఒక్కరైనా దగ్గారా! జాలిపడుతున్నారు, నాకు తెలుసు. ఇన్నేళ్ళ నా రాజకీయంలో ఇదే మొదటిసారి, ఏకగ్రీవంగా నెగ్గాను. కాస్త చూసి చెప్పండి బాబూ, ఇది నెగ్గినవాడి మొహంలా ఉందా?