ఆ సబ్బుపొడి నాది

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తున్నాను, ఒకరు రాస్తున్నారు. నా పేరు మాత్రం వద్దన్నాను. చూశారా, సిగ్గు ఇంకా పోలేదు.

మా ఆయన పోయాక యూనివర్సిటీ క్యాంపస్‌లో, కెమిస్ట్రీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పనికి కుదిరాను. రోజుకూలీ. ఉండేది తార్నాకలో. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఒకరోజు బంద్, ఒకరోజు టియర్ గ్యాస్. ల్యాబ్‌లో ఇద్దరు పిల్లలు రీసెర్చ్ చేసేవారు. యాదగిరి మా వైపు రైతుబిడ్డ. సుధీర్ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల అబ్బాయి.

"మీ సముద్రపోళ్లు నీళ్లు గూడ దాసుకుంటరారా?" అంటూ యాదగిరి డిస్టిల్డ్ వాటర్ క్యాను లాక్కునేవాడు.

"దాచుకోకపోతే మీరు ఉంచుతారా బాబూ?" అనేవాడు సుధీర్. ఇద్దరిదీ ఒకటే టిఫిన్ డబ్బా.

యాదగిరి పని వెలుగుతో. తారులోంచి తీసే ఏదో పొడిని కరిగించి, చీకటి గదిలో ఒక రకం లైటు కింద పెడితే నీలంగా వెలిగేది. అందులో ఇంకో మందు చుక్కచుక్కగా వేస్తే ఆ వెలుగు తగ్గుతూ పోవాలి. ఎంత తగ్గిందో కొలవడమే అతని చదువు. అవి పోసే చిన్న గాజు సీసాలను యాసిడ్‌తోనే కడగమని చెప్పాడు. యాసిడ్‌కి నా వేళ్లు పగిలిపోయేవి. ఎవరూ చూడకుండా ఇంటి సబ్బుపొడితో కడిగేశాను. తళతళలాడుతున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

వెలుగు ఆరడం మానేసింది. మందు ఎంత వేసినా కొంత మిగిలేది. గైడు సారు యాదగిరిని అందరి ముందూ తిట్టారు.

ఒకరోజు ఊడుస్తూ ఆ చీకటి గదిలోకి వెళ్లాను. లైటు వేసి ఉంది. నా భుజం మీద, అదే సబ్బుపొడితో ఉతికిన తెల్ల తువ్వాలు నీలంగా వెలిగింది. అచ్చం ఆ సీసాల్లాగే. సీసాల్లో ఆరని వెలుగు నా సబ్బుపొడిదేనని చదువు లేకపోయినా అర్థమైంది. తువ్వాలు నడుములో దోపుకుని బయటికొచ్చాను. ఎదురుగా యాదగిరి.

"పెద్దమ్మా, నిజం చెప్పు. నా సీసాలు ఎవడన్నా ముట్టిండా?"

"నాకేమెరుక బిడ్డా."

"సుధీర్‌గాడు ముట్టిండా?"

"...ముట్టంగ చూసిన."

అంతే. సాయంత్రానికల్లా హాస్టలంతా పాకింది, ఆంధ్రోడు మనోని పని పాడుచేసిండని. "మీరు చూశారా ఆంటీ?" అని సుధీర్ ఒక్కసారే అడిగాడు. నేను చీపురు అందుకున్నాను. అతను గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

పని పోతుందన్న భయంతో అన్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయమొక్కటే అయితే, తెలియదన్న మాట మీదే ఉండొచ్చు కదా? ఆ పేరు చెప్తే ఆ రోజుల్లో నన్ను ఇంకో ప్రశ్న ఎవరూ అడగరని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. జనం నీళ్ల కోసం, కొలువుల కోసం దెబ్బలు తింటుంటే, నేను ఆ కోపాన్ని నా తప్పు మీద కప్పుకున్నాను.

మొన్న తార్నాకలో కూరగాయల బండి దగ్గర యాదగిరి కలిశాడు. ఇప్పుడు లెక్చరర్. "ఆ రోజు నాకు నిజం చెప్పింది గీ పెద్దమ్మనే" అని భార్యకు చూపించాడు. కాదనాలి. మళ్లీ ఆ అబద్ధానికే తలూపాను.

సుధీర్ ఎక్కడున్నాడో తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు. నీ సీసాలు అతను ముట్టుకోలేదు, యాదగిరీ. పాడుచేసింది నేను. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి.