రాని కామెర్లకు రెండు నెలల సెలవు

ఒక మంచి ఉద్యోగాన్ని, ఎవరి సాయమూ లేకుండా, నా సొంత తెలివితేటలతో నేనే చెడగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో నేను రిజర్వు సైన్యంలో జవాన్ని. ఏడాదికి రెండు నెలలు తుపాకీ, మిగతా పది నెలలు పొట్టకూటికి వేరే పని. ఆ వేరే పని ఇచ్చేవాళ్ళే కరువు. రెండు నెలల మాట ఎత్తగానే "మాకు పన్నెండు నెల్లూ పనిసేసేవోడు కావాల" అని మూడు చోట్ల పంపేశారు. నాలుగోచోట, ఆమదాలవలస రైసుమిల్లులో, సైన్యం ఊసెత్తకుండా గొడౌను సూపర్వైజరుగా చేరిపోయాను.

అంతలో శిక్షణకు రమ్మని ఉత్తరం వచ్చింది. మిల్లు యజమాని అప్పలనాయుడుగారి ముందు తల వేలాడేసుకుని నిలబడ్డాను.

"ఏటోయ్ ప్రకాశం, అలగున్నావు?"

"కామెర్లండి బాబు. ఆకుమందు ఏస్తన్నారు. రెండు నెల్లు పథ్యం."

"అయ్యో! పనికేటి, ఎప్పుడైనా సేసుకోవచ్చు. ఎల్లు, ఎల్లు."

ఎంత మంచి మనిషి! సిగ్గేసింది. అయినా రైలెక్కాను.

రెండు నెలలూ పరుగులు, కవాతు, మూడు పూటలా కడుపునిండా తిండి. తిరిగొచ్చేసరికి ఆరు కిలోలు పెరిగి, నల్లగా నిగనిగలాడుతున్నాను. మిల్లు గేటు నుంచే నీరసంగా నడవడం మొదలుపెట్టాను. కాళ్ళు వింటేనా? నాయుడుగారు కనబడగానే మడమలు టక్కున కలిశాయి, ఛాతీ ముందుకొచ్చింది.

"తగ్గిందా?"

"ఇంకా నీరసమేనండి."

"తుపాకీ వైద్యం బాగానే పనిసేసినట్టున్నాది."

నేను లేనప్పుడు ఆయన పళ్ళు పట్టుకుని నన్ను చూడ్డానికి మా ఇంటికెళ్ళారట. మా అమ్మ చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పే మనిషి. పైగా నా అబద్ధం సంగతి ఆవిడకు తెలియదు. "మా వోడికి కామెర్లేటి బాబూ? గుండ్రాయిలాగున్నాడు. సైన్యంలో తుపాకీ పేలస్తన్నాడు" అని, యూనిఫారంలో ఉన్న నా ఫొటో కూడా చూపించిందట.

"తప్పయిపోనాదండి. సెప్తే పనివ్వరని..."

"ఒరే ఎర్రోడా! భోగాపురం కాడ మన కొత్త గొడౌను కాపలా సూసుకోడానికి సైన్యంలో సేసినోడి కోసం ఆర్నెల్లు ఎతికేను. నీ జీతానికి రెట్టింపు. పోయిన సోమారమే ఒకడ్ని ఎట్టేసేను."

"ఎవరండీ?"

"నీలాటి రిజర్వు జవానే. ఏడాదికి రెండు నెల్లు రానని, కుర్సీలో కూకోకముందే సెప్పేసేడు. నమ్మకస్తుడని తీసుకున్నాను."

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. రాని కామెర్లవాడికి నల్లగా కనిపిస్తుందని ఆరోజు నేను కనిపెట్టాను. నాయుడుగారు నన్ను పనిలోంచి తీసేయలేదు. "పథ్యం మద్దిలో ఆపకూడదు" అని, మిల్లులో మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన అందరూ రొయ్యలకూర తింటుంటే, నెలరోజులు నాకు మాత్రం ఉప్పులేని మజ్జిగన్నం పెట్టించారు.

ఆ మజ్జిగన్నం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఎవరి ముందు నిలబడినా, నా పేరు కంటే ముందు ఆ రెండు నెలల సంగతే చెబుతానని. పెళ్ళిచూపుల్లోనూ మాట తప్పలేదు. "ఏడాదికి రెండు నెల్లు నేను ఇంట్లో ఉండనండి" అన్నాను.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్ల తలెత్తింది.

"రెండేనా?" అంది.