పాత చీర ముక్క

మడకశిరలో బస్సెక్కినప్పటి నుంచీ నా ఒళ్లోని బుట్ట కదులుతూనే ఉంది. లోపల నల్ల కుక్కపిల్ల. రోడ్ల మీద దొరికిన కుక్కల్ని, పెంచుకునేవాళ్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంచుకుంటాను. దీన్ని ఇప్పటికే రెండిళ్లవాళ్లు తీసుకుపోయి వెనక్కి తెచ్చారు. తిండి ముట్టదట, ఒకటే ఏడుపట. ఈసారి అనంతపురం నుంచి ఒకమ్మాయి అడిగింది. ఇదీ కుదరకపోతే ఏం చేయాలో తోచక, నిమిషానికోసారి బుట్ట మూత తీసి చూస్తున్నాను.

పక్కసీట్లో, భుజాన కంబళి వేసుకున్న గొర్రెల కాపరి ఉండబట్టలేక అడిగాడు. "దాని కింద ఏం పరిచినావమ్మా?"

"నా పాత చీర ముక్క. కొత్త చోట బెంగపడకుండా. అయినా రెండిళ్ల నుంచి తిరిగొచ్చేసింది."

"రెండు మాట్లూ అదే పంపినావా?"

తలూపాను.

"ఇంగెట్ల నిలుస్తాదమ్మా? ఆడ పండుకున్నా నీ వాసనే కదా, నిన్నే ఎతుక్కుంటాది. మేము కుక్కపిల్లను ఇంకో మందకు ఇయ్యాలంటే, ముందే ఆ కాపరి తువ్వాల తెచ్చి దాని కింద ఏస్తాం."

బుట్టలోంచి చీర ముక్క లాగి నా చేతిలో పెట్టాడు. కుక్కపిల్ల కుయ్‌మంది. నేను మళ్లీ మూత తీయబోతే, దాని మీద తన అరచెయ్యి ఆనించాడు.

"అది ఓర్చుకుంటాది. నువ్వే ఓర్చుకోలేకుండావు."

పెనుకొండలో తను దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు. తర్వాత అనంతపురం దాకా ఆ మూత మీద నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

బస్టాండులో ఆ అమ్మాయి చున్నీ అడిగి, బుట్టలో పరిచి ఇచ్చాను. కుక్కపిల్ల ఈసారి తిరిగి రాలేదు.

ఇప్పుడు కుక్క కావాలని ఎవరు ఫోన్ చేసినా, ముందు వాళ్ల పాత తువ్వాలు పంపమంటాను. ఆ చీర ముక్కను మాత్రం నేనింకా ఉతకలేదు.