గొట్టం తీసిన పూట

యాభైల నాటి మాట. కడుపులో కేన్సరు గడ్డకు నెల్లూరులో ఆపరేషనయ్యాక, మా నాయనకు మూత్రం కోసం పెట్టిన రబ్బరు గొట్టాన్ని డాక్టరు తీయించేశాడు. ఎక్కువ రోజులుంచితే చీము పడుతుందన్నాడు. నిజమే కావచ్చు. కానీ కుట్లు పచ్చిగా ఉన్నాయి, మంచం దిగొద్దన్నదీ ఆయనే!

నాయన ఆత్మకూరులో అంగడి నడిపిన మనిషి. జంధ్యం చెవికి చుట్టుకుని, చెంబు పక్కన పెట్టుకుని, పెరట్లో గొంతుక్కూర్చోవడమే ఎరుగును. నలుగురి మధ్య పడుకుని గాజుసీసాలో పోయమంటే ఎట్లా వస్తుంది? పొత్తికడుపు ఉబ్బి, ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"కూచోబెట్టండిరా, పండుకోని నాకు రాదు" అని మమ్మల్ని బతిమాలినాడు.

"లేపితే కుట్లు తెగుతాయి" అని నర్సు కసిరింది.

నేనూ మా అన్నా చెరోవైపు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాం. అంతకు మించి మా చేతుల్లో ఏముంది?

అప్పుడు అమ్మ దుప్పటి లోపలికి వచ్చింది. నలుగురిలో ఆయన ఎదుట నిలబడటానికే జంకే మనిషి, మంచం అంచున కూర్చుంది. పసితనంలో మమ్మల్ని కాళ్లమీద కూర్చోబెట్టుకుని చేసినట్టే, ఆయన చెవి దగ్గర "స్‌స్‌స్..." అనడం మొదలుపెట్టింది.

నాయన కళ్లు మూసుకున్నాడు. సీసాలో చుక్క పడలేదు. మళ్లీ గొట్టం తేవడానికి నర్సు వెళ్లిపోయింది.

అమ్మ మాత్రం ఆపలేదు.