పండుగప్ప దొరికిన చోటు

2022 ఫిబ్రవరిలో మా పత్రిక నన్ను పది రోజులు సముద్రం మీదికి పంపింది. బందరు దగ్గర గిలకలదిండిలో బయలుదేరి, తీరం వెంట నిజాంపట్నం దాకా వెళ్లి రావాలి. రోజూ ఒక డైరీ రాసి విజయవాడలో డెస్కుకు పంపాలి. డెస్కు అంటే విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, పేజీలో కూర్చే విభాగం. అప్పటికి నేను ముప్పై ఏళ్లుగా విలేకరిని. కలెక్టరేటు మెట్లు, కోర్టు వరండాలు, ఉయ్యూరు చెరకు రైతుల ధర్నాలు నాకు అలవాటే. పడవలో కాపురం మాత్రం అదే మొదలు.

మాది ముప్పై అడుగుల ఫైబర్ బోటు. మధ్యలో డీజిల్ ఇంజను, దాని మీద చెక్కమూత, పైన నీలం టార్పాలిన్. నడిపే సరంగు వీరాస్వామికి యాభై అయిదు దాటి ఉంటాయి. వంట, లంగరు, ఇంజను పనులు అతని బావమరిది సత్యం చూసేవాడు. బోటు మీద మేం ముగ్గురమే.

సముద్రం మీద రోజంతా చిన్న చిన్న పనులతోనే గడిచిపోతుంది. తెల్లవారగానే సత్యం గాలికి గోనెపట్టా అడ్డం కట్టి స్టవ్వు వెలిగించేవాడు. పాలు లేని టీ, రాత్రి మిగిలిన అన్నంలో ఉల్లిపాయ. ఎండెక్కాక టార్పాలిన్ కింద కునుకు. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర పోటు నీళ్లు ఎక్కేదాకా గంటలు గంటలు కాచుకోవడం. ఇంజను నడుస్తున్నంతసేపూ అరిస్తే తప్ప మాట వినపడదు కాబట్టి ముగ్గురం తక్కువగానే మాట్లాడుకునేవాళ్లం. తినే ప్రతి ముద్దలోనూ కాస్త డీజిల్ వాసన ఉండేది. మూడో రోజుకి అదీ తెలియకుండా పోయింది.

మంచినీళ్లు రెండు డ్రమ్ములు. మొదటి రోజు పొద్దున నేను అందులో మగ్గు ముంచి, తీరిగ్గా మొహం కడుక్కున్నాను. కాసేపయ్యాక సత్యం నాకు వినపడేలా బావతో అన్నాడు: "బావా, బెజవాడోళ్లకి కాలవ గుమ్మంలోనే పారుద్దంట కదా." ఆ పూట నుంచి నా స్నానం ఉప్పునీళ్లతోనే. ఆఖర్న ఒక్క చెంబు మంచినీళ్లు.

ఫోను సిగ్నల్ ఒడ్డుకు దగ్గరైతేనే వచ్చేది. తాటిచెట్లు విడివిడిగా కనిపించే దూరానికి వస్తే ఫోను మోగుతుందని సత్యం కనిపెట్టాడు. రోజూ సాయంత్రం వీరాస్వామి నాకోసం అంత దగ్గరికి తెచ్చేవాడు. డైరీ పంపేసి మళ్లీ లోపలికి వెళ్లేవాళ్లం.

అయిదో రోజు కూరకి ఏమీ లేదు. ఎండుచేపలు కూడా అయిపోయాయి. వీరాస్వామి దారి మళ్లించి కొంత దూరం లోపలికి పోనిచ్చాడు. చుక్కాని పట్టుకుని ఒడ్డు వైపు ఒకసారి, పక్కకి ఒకసారి చూశాడు. కాస్త ముందుకు, కాస్త వెనక్కి జరిపి ఇంజను ఆపాడు. గాలం వేశాక పావుగంటలో ఒక పండుగప్ప, ఇంకో పావుగంటలో రెండోది. ఒక్కొక్కటి నా చేయంత పొడవు. సత్యం వాటితో పులుసు పెట్టాడు.

అంత నీళ్లలో ఇదే చోటని ఎలా తెలిసిందని అడిగాను. అయిదు రోజులు ఒకే గిన్నెలో తిన్నవాణ్ని కదా, దాచకుండా చెప్పాడు. అడుగున ఎప్పుడో మునిగిన పెద్ద పడవ ఉంది. చుట్టూ అంతా బురద కాబట్టి చేప దాన్ని పట్టుకుని ఉంటుంది. ఒడ్డున లైట్‌హౌస్ తాటితోపు చివరికి జరగాలి, అదే సమయానికి రెండో పక్కన ఊరి వాటర్ ట్యాంకు తోపులోంచి బయటపడాలి. ఆ రెండు చూపులూ కలిసే చోటు అదే. వాళ్ల నాన్న చూపించాడట. ఆ రోజుల్లో ట్యాంకు లేదు, గుడి గోపురం ఉండేదట. వేట లేక ఊరంతా వలలు ఆరబెట్టుకున్న నెలల్లో వాళ్ల రెండు కుటుంబాలూ ఆ పడవ మీదే బతికాయని చెప్పాడు.

నేనంతా నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు: వార్తకి ఇవి లేకపోతే డెస్కు తిప్పి కొడుతుంది. ఆ సాయంత్రం ఒడ్డుకు దూరంగా ఉండిపోవడంతో, మర్నాడు పొద్దున దగ్గరగా వెళ్లినప్పుడు డైరీ పంపేశాను. వాళ్లకి చూపించలేదు. రాసింది అచ్చుకి ముందు ఎవరికీ చూపించకూడదన్నది మా వృత్తిలో మొదట నేర్పే పాఠం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సత్యం తన పులుసు గురించి రాశానో లేదో తేల్చుకోవాలన్నాడు. పంపేసిందే కదా అని ఫోను తీసి ఇంజను మోతలో వినపడేలా అరిచి చదివాను. పులుసు దాటి లైట్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి వీరాస్వామి ఇంజను ఆపేశాడు.

"అది వెళ్లిపోయిందా విలేకరి గారూ?"

వెళ్లిందన్నాను.

"పేపర్లో పడితే ఎల్లుండికి అక్కడ నలభై బోట్లుంటాయండీ. ఆపలేరా?"

ఫోను కలిస్తే ఆపగలనన్నాను. ఆ పేజీ నాలుగింటికి మూసేస్తారు, అదే డెడ్‌లైన్. అప్పుడు రెండు దాటింది. అతను మళ్లీ ఇంజను వేసి చుక్కాని ఒడ్డుకి తిప్పాడు.

"బావా, పాటు నీళ్లు లాగేస్తంది. బురదకెక్కుద్ది," అన్నాడు సత్యం.

"ఎక్కనీ."

ఎక్కింది. మూడున్నరకి బోటు ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. ప్రొపెల్లర్ రెక్క దేనికో తగిలి వంగింది. నేను టార్పాలిన్ కర్ర పట్టుకుని నిలబడితే సిగ్నల్ ఒక గీత వచ్చింది. డెస్కులో ప్రసాదు ఫోనెత్తాడు. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"పేజీ అయిపోయింది గురూగారూ. మ్యాపు కూడా గీయించాను. లైట్‌హౌస్ బొమ్మ భలే కుదిరింది."

ఆ చోటు గురించి ఉన్నదంతా తీసెయ్యమన్నాను.

"ఏం, తప్పు పడిందా?"

పడిందంటే సరిపోయేది. తప్పు అన్న మాటకి డెస్కు ఎదురు చెప్పదు. కానీ అతనికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అంతా కరెక్టే. అందుకే తియ్యమంటున్నా."

ఆ ఖాళీ దేంతో నింపాలని ప్రసాదు అడిగాడు. నాకు కనిపించింది స్టవ్వు పక్కన గిన్నె తోముతున్న సత్యం. అతన్ని నా పక్కకి పిలిచి ఫోను చెవి దగ్గర పెట్టాను. పులుసు మరిగాకే ముక్కలెయ్యాలని, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలని, పొద్దున వండింది సాయంత్రం తినాలని సత్యం నిదానంగా చెప్పుకుపోయాడు. మోకాలి లోతు బురదలో నిలబడి రెక్క తడిమి చూస్తున్న వీరాస్వామి తలెత్తాడు.

"మీ అక్క నేర్పిందని చెప్పరా. నీ సొంతమన్నట్టు చెబుతున్నావు."

మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే ఉన్నాం. మర్నాడు మెల్లగా నాగాయలంక చేరి, రెక్క బాగు చేయించుకోవడానికి ఒక రోజు పోగొట్టుకున్నాం. టీకొట్టులో పేపరు దొరికింది. మ్యాపు లేదు. దాని చోట చేపల పులుసు ఉంది. వీరాస్వామికి చదువు రాదు. సత్యం చేత పేజీ మొదట్నుంచి చివరిదాకా చదివించుకుని, అప్పుడు నా నోటుబుక్కు చూపించమన్నాడు.

విలేకరి నోటుబుక్కులు పారెయ్యడు. రేపు ఎవరైనా కోర్టుకి వెళితే అవే సాక్ష్యం. ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం చింపని నేను ఆ కాగితం చింపి ఇచ్చాను. సరైన కాగితమేనా అని సత్యం చేత చదివించి, వీరాస్వామి స్టవ్వు వెలిగించేటప్పుడు దాన్ని అంటించాడు. ఆ మంటతో మరిగిన టీ ముగ్గురం తాగాం. మిగిలిన ప్రయాణంలో అతను నాతో మామూలుగానే ఉన్నాడు. కానీ ఒడ్డు వైపు చూసి దారి సరిచూసుకోవాల్సి వచ్చినప్పుడల్లా నన్ను నీళ్ల డ్రమ్ము కదిలిందేమో చూసి రమ్మనేవాడు. నేను వెళ్లి చూసి వచ్చేవాణ్ని.

వార్తలో 'ఎక్కడ' అన్నది విలేకరి కనుక్కోవాల్సిన సంగతి అనుకుంటూ వచ్చాను. కొన్నిచోట్ల అది ఒకరి ఆస్తి అని, అడిగి తీసుకోవాలని నాకు ఆ బురదలో తెలిసింది. అడిగితే ఇవ్వకపోవచ్చు, అప్పుడు వార్త కుంటిదిగానే వెళ్లాలి.

ఆ చోటు నాకింకా గుర్తే ఉంది. పైన నేను లైట్‌హౌస్ అన్నాను, తాటితోపు అన్నాను, వాటర్ ట్యాంకు అన్నాను. అసలు గుర్తులు అవేవీ కావు. చేప కూడా పండుగప్ప కాదు. పులుసు మాత్రం సత్యం చెప్పినట్టే.