వెంకులు పులిహోరలో పుల్లదనం

చింతపండు గుజ్జు ప్యాకెట్టు కత్తిరించగానే ల్యాబంతా పుల్లటి వాసన కమ్ముకుంటుంది, నాలో అనుమానం మొదలవుతుంది. గుజ్జును నీళ్లలో కలిపి, వడగట్టి, లిక్విడ్ క్రొమటోగ్రఫీ యంత్రానికి ఎక్కిస్తే, దాని గొట్టంలో ఒక్కో ఆమ్లం ఒక్కో వేగంతో నడిచి విడివిడిగా బయటపడుతుంది. తెరమీద ముందు టార్టారిక్, తర్వాత మాలిక్, ఇంకాస్త వెనక సిట్రిక్ శిఖరాలుగా లేస్తాయి. శిఖరం ఎంత పెద్దదైతే ఆ ఆమ్లం అంత ఎక్కువ. చింతపండుది టార్టారిక్ పులుపు. నిన్నటి ప్యాకెట్టులో సిట్రిక్ పొడుగ్గా లేచింది. నిమ్మ ఉప్పంటే అచ్చంగా సిట్రిక్ ఆమ్లమే, అది కలిపారేమో!

ఈ శంక నాకు నాయనమ్మ నుంచి అబ్బింది. భద్రాచలం దారిలో, అడవి అంచున మా ఊరు. ఇప్పపూలు రాలే రోజుల్లో అరుగు మీద ఆడవాళ్లు కొత్త చింతపండు గింజ తీస్తుంటే, మేము ఆ గింజలను అరగదీసి పచ్చీసు ఆడుకుంటుంటే, నాయనమ్మ పాలు వాసన చూసి, బెల్లం నాకి, నూనె వేళ్ల మధ్య రుద్ది, అమ్మినవాడి ముఖంలోకి చూసేది.

శ్రీరామనవమికి నడిచిపోయే భక్తులకు మా వాకిట్లో ఏటా పులిహోర పెట్టేవాళ్లం. వండేది ఊరి వంటవాడు వెంకులు. ఆ ఏడు నాయనమ్మ ఒక్క ముద్ద నోట పెట్టుకుని ఉమ్మేసింది.

"ఏంది గీ పులుపు? నిమ్మ ఉప్పు ఏసినవ్ గదా!"

"రామయ్య మీద ఒట్టు పెద్దమ్మా, నేను ఏయలే."

విస్తళ్ల ముందు కూర్చున్న జనమంతా చేతులు ఆపేశారు. వెంకులు గరిటె కింద పెట్టి, కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. తర్వాత ఊళ్లో ఎవరూ పెళ్లి వంటకు అతన్ని పిలవలేదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ప్యాకెట్టు సంగతి చెబుతుంటే అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ నవమి దినం జనం ఎక్కువొచ్చిండ్రు, పులుపు సాలలే. ఎంకులు నీళ్లకు పోయినప్పుడు నేనే మామిడి తురుము కలిపిన. మీ నాయనమ్మకు భయపడి నోరు మెదపలే."

మామిడికాయలోనూ సిట్రిక్ ఉంటుంది. నాయనమ్మ నాలుక తప్పలేదు, అనుమానమే తప్పు మనిషి మీద పడింది.

నాయనమ్మ లేదు. నడిచే భక్తులు ఇప్పుడు బస్సుల్లో, ఆటోల్లో మా వాకిలి దాటిపోతున్నారు. వెంకులూ పోయాడని ఊళ్లోవాళ్లు చెప్పారు. ఈ ఉదయం అతని భార్య నంబరు సంపాదించి అమ్మకు ఇచ్చాను. అమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఆయనకు ఎరికేనమ్మా," అంది ఆమె అవతల నుంచి. "మామిడి వాసన తెల్వదా ఆయనకు? చెప్తే కోడల్ని తిడతరని గమ్మున వచ్చిండు."